పేరులేని బొమ్మలు, స్క్రీన్ రీడర్

తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్, లేబుల్ లేని బొమ్మ దగ్గర ‘గ్రాఫిక్’ అని ఊరుకుంటుంది. ఒక్కోసారి ఫైలు పేరే గడగడా చదివేస్తుంది. నాంపల్లి స్టేషన్‌లో రైలెక్కాల్సిన అంధుడికి టికెట్ యాప్ ‘బటన్, బటన్’ అని వినిపిస్తే, చెల్లింపు ఏదో, రద్దు ఏదో తేలదు. అసలు మందు డెవలపర్ దగ్గరే ఉంది: ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మకు జోడించే రాత వివరణ. అబిడ్స్ జీపీఓ ఫొటోకు ‘చిత్రం’ అని రాయడం దండగ. ‘అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు ముందుభాగం’ అనాలి. అలంకారపు గీతలకు మాత్రం ఖాళీ ఆల్ట్ చాలు. జాస్ అనే స్క్రీన్ రీడర్‌లో ఇన్సర్ట్, జి మీటలు నొక్కి, లేదా ఆండ్రాయిడ్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ మెనూ తెరిచి, వాడుకరే కొన్నిటికి పేరు పెట్టుకోవచ్చు. కానీ పక్కవాళ్ల ఫోన్‌కు ఆ పేరు చేరదు. ఇక చట్టం సంగతి: హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం నివేదికను పరిశీలించిన సుప్రీంకోర్టు, 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో, దివ్యాంగుల కోసం తప్పనిసరి అందుబాటు ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది.