పిండికోడి పాపం



ధర్మపురి పోయినవాళ్ళకు యమపురి లేదని మనవైపు ఒక నానుడి ఉంది. జగిత్యాల దాటి గోదావరి ఒడ్డుకు చేరితే, అక్కడ లక్ష్మీనరసింహస్వామి ఆవరణలోనే యమధర్మరాజుకు కూడా గుడి కనిపిస్తుంది. నదిలో మునిగి, నరసింహుణ్ణి సేవించి, యముడి ముందున్న గండదీపంలో ఇంత నూనె పోసి వస్తారు జనం. పోయాక ఎక్కడికి వెళ్తామన్న బెంగ అంత పాతది. ఆ బెంగలోంచే అన్ని మతాల్లోనూ కథలు పుట్టాయి. స్వర్గం వెతుక్కుంటూ బయల్దేరినవాళ్ళ కథలు కొన్ని ఈవేళ చెప్పుకుందాం. వాటిలో నాకు వింతగా తోచేదేమిటంటే, గమ్యం ఎంత దూరమైనా తగువు మాత్రం ఇంట్లోనే మొదలవుతుంది. ఒకచోట భార్యాభర్తల మధ్య, ఇంకోచోట తల్లీకొడుకుల మధ్య.

తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో బైబిలు పక్కన కనిపించే పుస్తకం ఒకటుంది, ‘యాత్రికుని ప్రయాణము’ అని. మన జిల్లాల్లో క్రైస్తవ సంఘాలు పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మిషనరీల కాలం నాటివి. 1978లో కరీంనగర్‌కు విడిగా డయోసీసు కూడా ఏర్పడింది. ఈ పుస్తకం మాత్రం వాళ్ళందరికంటే పాతది. రాసిన జాన్ బన్యన్ గిన్నెలకూ బిందెలకూ మాట్లు వేసుకుని బతికిన మనిషి. అనుమతి లేకుండా మతబోధ చేస్తున్నాడని 1660లో పట్టుకుంటే, 12 ఏళ్ళు బెడ్‌ఫర్డ్ జైలులో గడిపాడు. పుస్తకం 1678లో అచ్చయింది. అందులో నాయకుడి పేరే క్రిస్టియన్. తన ఊరు మంటల్లో కాలిపోబోతున్నదని తెలిసి, వీపున పాపాల మూటతో పరలోకపట్టణానికి పరుగెత్తుతాడు. భార్యాబిడ్డలు వెనకనుంచి రమ్మని కేకలు వేస్తుంటే చెవుల్లో వేళ్ళు పెట్టుకుని మరీ పరుగెత్తుతాడు! మనబోటివాళ్ళం అక్కడ ఆగి, ‘మరి ఆవిడ సంగతేమిటయ్యా?’ అని అడక్కుండా ఉండగలమా? బన్యన్‌కూ ఆ సందేహం వచ్చినట్టే ఉంది. ఆరేళ్ళకు, 1684లో, రెండోభాగం రాశాడు. అందులో భార్య క్రిస్టియానా నలుగురు కొడుకులను వెంటబెట్టుకుని, పొరుగింటి పిల్లను తోడు తీసుకుని అదే దారిన బయల్దేరుతుంది. మొదటిభాగంలో అంతా కత్తియుద్ధాలూ ఒంటరి నడకాను. రెండోభాగంలో పిల్లల జబ్బులు, మందులు, విందులు, కొడుకుల పెళ్ళిళ్ళు ఉంటాయి. స్వర్గానికి వెళ్ళే దారిలో సంసారం నడుస్తూనే ఉంటుందన్నమాట. నాకైతే రెండోదే ఎక్కువ నచ్చుతుంది.

ఇలాంటి గ్రంథమే ఒకటి, బన్యన్‌కు ఏడువందల ఏళ్ళ ముందు, మన గడ్డమీదే పుట్టింది. అది క్రైస్తవ గ్రంథం కాదు, జైనులది. కరీంనగర్ నుంచి జగిత్యాల, కోరుట్ల వెళ్ళే బస్సు గంగాధర చౌరస్తా మీదుగా పోతుంది కదా, ఆ గంగాధరేనని మన చరిత్రకారులు చాలామంది చెబుతారు. సోమదేవసూరి అనే జైనముని 959లో గంగాధారలో కూర్చుని ‘యశస్తిలకచంపువు’ ముగించాడు. సంస్కృత గ్రంథం. గద్యం, పద్యం కలిసి ఉంటాయి, 8 ఆశ్వాసాలు. ఆ రోజుల్లో ఈ సీమను ఏలినవారు వేములవాడ చాళుక్యులు, రాష్ట్రకూటుల సామంతులు. వాళ్ళ వేములవాడ ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. మనకది రాజన్న క్షేత్రమే గాని, పదో శతాబ్దంలో జైన కవులకూ పండితులకూ అది పుట్టినిల్లులాంటిది. కన్నడ ఆదికవి పంపడు అక్కడి రెండో అరికేసరి కొలువులో ఉన్నాడు. అతని తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గరే, కురిక్యాల బొమ్మలగుట్ట మీద, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లోనూ శాసనం చెక్కించాడు. నన్నయకు ముందే తెలుగు కందపద్యాలు అక్కడ రాతిమీద ఉన్నాయి. సోమదేవుడి పోషణకూ లోటు రాలేదు. 966లో మూడో అరికేసరి రాజధానిలోని జినాలయం కోసం ఆయనకు ఒక గ్రామమే దానమిచ్చాడని పర్భణి రాగిరేకులు చెబుతున్నాయి.

ఇక కథ. మారిదత్తుడనే రాజు దివ్యమైన ఖడ్గం సంపాదించాలన్న ఆశతో చండమారి అనే దేవతకు సకల జీవుల్లోనూ జంటకొకటి చొప్పున బలి ఇవ్వబూనుతాడు. అన్నీ సిద్ధమయ్యాయి, మనుషుల జంటే తక్కువ. భటులు భిక్షకు వెళ్తున్న ఇద్దరు పసిసన్యాసులను పట్టుకొస్తారు. అన్నాచెల్లెళ్ళు. కత్తి ఎత్తినవాడు వాళ్ళ మొహాల్లో బెదురు లేకపోవడం చూసి, ‘ఎవరు మీరు?’ అని అడుగుతాడు. అప్పుడు అన్న తన వెనకటి జన్మలు చెప్పడం మొదలుపెడతాడు.

ఒకప్పుడతను ఉజ్జయిని ఏలిన యశోధరుడు. భార్య అమృతమతి మీద ప్రాణం. ఒకరాత్రి ఆమె లేచి, ఏనుగులశాలలోని ఒక కురూపి మావటివాడి దగ్గరికి వెళ్ళడం కళ్ళారా చూశాడు. చంపబోయి ఆగిపోయాడు. సన్యసించి వెళ్ళిపోదామనుకుని, తెల్లారాక తల్లి చంద్రమతితో పీడకల వచ్చిందని అబద్ధం చెప్పాడు. కొడుక్కు పీడకల వస్తే తల్లి ఊరుకుంటుందా? దేవికి జంతుబలి ఇచ్చి శాంతి చేయిద్దాం అంది. అక్కడినుంచి తల్లీకొడుకుల వాదన.

నన్నడిగితే గ్రంథానికంతా ప్రాణం ఆ వాదనే. సోమదేవుడు జైనముని. ఆవిడను మూఢురాలిగా చూపించి రెండు మాటల్లో తేల్చేసి ఉండవచ్చు. అలా చేయలేదు. ఆవిడ చేత గట్టిగా మాట్లాడించాడు. దేవతలకు హోమం లేదు, పితరులకు తర్పణం లేదు, స్నానమన్నా లేదు, బట్టకట్టని ఆ మునుల మతం మీదికి నీ మనసు ఎలా పోయిందిరా అని నిలదీస్తుంది. అది నిన్నమొన్న వచ్చిన మతం అంటుంది. తాతతండ్రుల నాటి ఆచారం వదిలితే వంశానికి క్షేమమేనా అని ఆమె భయం. కొడుకు కూడా తల్లి నమ్మే గ్రంథాల్లోంచే అహింసకు ప్రమాణాలు తీసి చూపిస్తాడు. ఎవరూ ఓడరు. చివరికి మన ఇళ్ళల్లో జరిగేదే జరుగుతుంది. మధ్యేమార్గం! జీవాన్ని చంపొద్దు, పిండితో కోడిని చేసి దాన్నే బలిద్దాం, అందావిడ. తల్లి మాట కాదనలేక ఒప్పుకున్నాడు. ఇంతలో తన గుట్టు తెలిసిందని గ్రహించిన అమృతమతి తల్లికీ కొడుక్కూ విషం పెట్టింది.

ఆ తరువాత ఇద్దరికీ జన్మమీద జన్మ. కొడుకు నెమలి, తల్లి కుక్క. ఆ కుక్కే నెమలిని చంపుతుంది. ఇంకో జన్మలో యశోధరుడు చేపై పుడితే, రాజ్యమేలుతున్న సొంత కొడుకు ఆ చేపను పట్టించి, పితృదేవతల తృప్తి కోసమని వండిస్తాడు. ఆ పితృదేవత ఈ చేపే! కోళ్ళుగా పుట్టి ముని బోధ విన్నాకగాని వాళ్ళకు మనిషి జన్మ రాలేదు. ఆ కవలలే ఇప్పుడు బలిపీఠం దగ్గర నిలబడ్డవారు. వింటున్న మారిదత్తుడికి, వీళ్ళు సన్యసించిపోయిన తన చెల్లెలి పిల్లలేనేమోనని గుండె గుభేలుమంటుంది. బలి ఆగిపోతుంది. అందరూ జైనమార్గం పట్టి స్వర్గానికి వెళ్తారు.

పిండికోడిని కోస్తే ఇంత శిక్షా అంటారేమో! సోమదేవుడి లెక్క ప్రకారం చేతిలో ఉన్నది పిండే అయినా, మనసులో ఉన్నది చంపడమే. కొత్త ఇంటి గుమ్మం ముందు గుమ్మడికాయ మీద కుంకుమనీళ్ళు పోసి పగలగొడతాం కదా, ఆయన చూస్తే ఏమనేవాడో! నేను మాత్రం గుమ్మడికాయ పక్షమే. ఎర్రనీళ్ళతో సరిపెట్టుకోవడం మనిషి నేర్చుకున్న మంచి అలవాటు అని నా ఉద్దేశం. మన రాజన్న దగ్గర కోడెమొక్కు కూడా చూడండి, కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేసి రావడమే గాని కత్తితో పనిలేదు.

చంద్రమతి తప్పల్లా కొడుకుమీద ప్రేమే. ఇదే చిక్కు ఈ మధ్యకాలం క్రైస్తవ రచనలోనూ కనిపిస్తుంది. సి. ఎస్. లూయిస్ అనే ఆచార్యుడు రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1941 నుంచి 1944 దాకా, బి.బి.సి.లో మత విషయాల మీద ప్రసంగించేవాడు, రేడియో మనిషే. 1945లో ఆయన ‘ది గ్రేట్ డివోర్స్’ అని చిన్న కథ వేశాడు. మసకబారిన ఊరినుంచి ప్రేతాలు బస్సెక్కి స్వర్గం అంచుకు వస్తాయి. అక్కడి గడ్డిపరకలు కూడా వాటి పాదాలకు వజ్రంలా గుచ్చుకుంటాయి. వచ్చినవాళ్ళలో చనిపోయిన కొడుకు కోసం వచ్చిన తల్లి ఒకామె ఉంటుంది. ఆమెకు దేవుడు వద్దు, కొడుకే కావాలి. అదే కథలో ఒక స్త్రీని పూలు చల్లుతూ, పాటలు పాడుతూ ఊరేగింపుగా తీసుకొస్తారు. ఎవరో గొప్ప పునీతురాలనుకుంటాడు చూస్తున్న రచయిత. కాదట. భూమ్మీద ఎవరికీ పేరు తెలియని మామూలు ఆవిడ సారా స్మిత్. ఇంటికొచ్చిన ప్రతి పిల్లవాణ్ణీ కన్నకొడుకులా చూసిందట, అంతే ఆమె ఘనత.

సోమదేవుడిమీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. తల్లికి అన్ని మాటలిచ్చినవాడు అమృతమతికి ఏమీ ఇవ్వలేదు. ఆమె ఎందుకు అలా వెళ్ళిందో ఆమె నోట వినం. దుర్మార్గురాలు, అంతటితో సరి. బన్యన్ ఆరేళ్ళలో భార్య కోసం రెండోభాగం రాశాడు. ఇక్కడ చాలాకాలం పట్టింది. కన్నడంలో జన్నకవి 1209లో ఇదే కథను ‘యశోధర చరితె’గా చెప్పినా ఆమె పాత్ర మారలేదు. 1980లో గిరీష్ కర్నాడ్ ఆ కథనే ‘హిట్టిన హుంజ’ అన్న నాటకం చేశాడు. అంటే పిండికోడి అనే. అందులో జైనురాలు రాణే. పిండికోడిని కోయడం కూడా హింసే కదా అని వాదించే పక్షం ఆమెది.