గోదావరి డెల్టా మిషన్

గోదావరి డెల్టా మిషన్ పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో బ్రదరెన్ సువార్తికులు స్థాపించిన క్రైస్తవ మిషన్. 1836లో ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ పిలుపునందుకొని, ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ పట్టణం నుండి విలియం బౌడెన్, జార్జ్ బీర్ తమ భార్యలతో భారతదేశానికి వచ్చారు. వీరు మొదట మచిలీపట్నంలో నివసించారు. అనంతరం బీర్ నరసాపురాన్ని, బౌడెన్ పాలకొల్లును కేంద్రాలుగా చేసుకొన్నారు.

సహాయ విధానం

వీరికి మిషనరీ సొసైటీ జీతమేదీ లేదు. రాబర్ట్ చాప్‌మన్ సేవ చేసిన బార్న్‌స్టేపుల్ సంఘం వంటి స్థానిక సంఘాల విశ్వాసులు ఇష్టపూర్వకంగా పంపే కానుకలే వీరికి ఆధారం. ఆ రోజులలో ఉత్తరమైనా, సొమ్మైనా చేరడానికి చాలా కాలం పట్టేది. ఈ పద్ధతిలో సువార్తికునిపై సొసైటీ అజమాయిషీ ఉండదు. అయితే నికరమైన ఆదాయమూ ఉండదు.

సొసైటీల అండ ఉన్నంత మాత్రాన భద్రత కలిగేది కాదు. ఉత్తర జర్మన్ మిషనరీ సొసైటీ 1845లో రాజమండ్రిలో ప్రారంభించిన మిషన్‌ను, ఆర్థిక ఇబ్బందుల వలన 1850 ప్రాంతంలో అమెరికన్ లూథరన్లకు అప్పగించింది.

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణకాలంలో (1847–1852) బౌడెన్, బీర్ అక్కడి కూలీల మధ్య బోధించారు. ఇంజనీరు ఆర్థర్ కాటన్ వీరిని ప్రోత్సహించాడు. బీర్ 1853లో, బౌడెన్ 1876లో మరణించారు.