సురంగల్ బడి పట్టికలో ఎవరి పేర్లు?

‘ఒకప్పుడు సర్కారు బడిలో చదువు గట్టిగా ఉండేది, ఇప్పుడు లేదు’ అనే మాట ఊరూరా వినిపిస్తుంది. అందులో ఒక చిక్కుంది. అప్పటి తరగతిలో, ఇప్పటి తరగతిలో కూర్చున్న పిల్లలు ఒకే రకం ఇళ్ళ నుంచి వచ్చారనుకుంటే తప్ప ఆ పోలిక నిలబడదు. మొయినాబాద్ మండలంలోని సురంగల్, దాని చుట్టుపక్కల చేవెళ్ళ దాకా ఉన్న ఊళ్ళ గత నూరేళ్ళ కథ చూస్తే అలా అనుకోవడానికి వీల్లేదు. హాజరు పట్టికలో పేర్లు ఎలా మారుతూ వచ్చాయో చూడకుండా మార్కుల పట్టిక చదివితే, బడి చేసిన పని కాక బడికి వచ్చిన ఇళ్ళ స్థితే కనిపిస్తుందని నా వాదన.

నిజాం కాలంలో ఈ ప్రాంతానికి నగరం దగ్గరే గానీ చదువు దూరం. 1908 మూసీ వరదల తర్వాత నగరం కోసం కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు ఈ పల్లెల పక్కకే వచ్చాయి. బడులు మాత్రం అంత తొందరగా రాలేదు. సర్కారు చదువులో పై మెట్టంతా ఉర్దూదే. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమూ ఆ భాషలోనే బోధించింది. ఇంట్లో తెలుగు, దఫ్తరులో ఉర్దూ అయిన చోట బడిలో నిలదొక్కుకున్నది పట్వారీ, పటేలు, వ్యాపారి ఇళ్ళ మగపిల్లలే. ఆంధ్ర మహాసభ నిర్బంధ ప్రాథమిక విద్యనూ, తల్లిభాషలో బోధననూ పదేపదే అడిగింది అందుకే. 1936లో షాద్‌నగర్ సభకు అధ్యక్షత వహించిన కొండా వెంకట రంగారెడ్డిది ఇదే మొయినాబాద్ ప్రాంతంలోని పెద్దమంగళారం. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు పెట్టింది ఆయన పేరే. గట్టిగా చదువు చెప్పిన ఆ పాత బడిలో గొల్ల ఇంటి పిల్ల గానీ, మాదిగవాడ పిల్లవాడు గానీ ఎందరున్నారన్నది మన జ్ఞాపకాలు అడగని ప్రశ్న. వడపోత గుమ్మం దగ్గరే జరిగిపోయాక, లోపల మిగిలినవాళ్ళు బాగా చదవడంలో వింతేముంది?

ఆ గుమ్మం నిజంగా తెరుచుకున్నది 1990లలో. 1991 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 44 శాతం, ఆడవాళ్ళలో 33 శాతం కూడా లేదు. ఆ ఏడాదే మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జీతానికి కుదిరిన పిల్లలను విడిపించే పని మొదలుపెట్టింది. శాంతా సిన్హా నడిపిన ఆ సంస్థ పెట్టుకున్న సూత్రం మొండిది: బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే. పసులు కాసేవాడు, తమ్ముణ్ణి చంకనేసుకుని ఇల్లు కనిపెట్టుకునే అక్క, తోటలో పూలు కోసే చెయ్యి, అందరూ ఆ లెక్కలోకి వచ్చారు. పదేళ్ళ పిల్లను ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుతో నాలుగు రోజుల్లో మానేస్తుంది. అందుకే ముందు శిబిరంలో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చారు. పేదవాళ్ళకు పిల్లల కూలి లేకుండా గడవదన్న పాత నమ్మకాన్ని ఈ పల్లెలే తప్పని చూపించాయి. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. అదే ఏడాది రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైంది. ఇంట్లో అక్షరం ముక్క తెలిసినవారు లేని పిల్లలు మొదటిసారి పెద్ద సంఖ్యలో బెంచీల మీదికి వచ్చారు. ఇలాంటప్పుడు తరగతి సగటు మార్కు తగ్గడం సహజం. దాన్ని బడి పతనంగా రాసుకోవడం అన్యాయం. అది బడి సాధించిన గెలుపుకు మరో ముఖం.

వీళ్ళు వస్తున్న దారిలోనే వేరేవాళ్ళు వెళ్ళిపోవడం మొదలైంది. ఈ ప్రాంతంలో పొలం అమ్మినవారు, పూలూ కూరగాయలూ నగరానికి పంపి నాలుగు రూపాయలు వెనకేసుకున్నవారు పిల్లలను ఇంగ్లీషు మీడియం బస్సు ఎక్కించారు. 1996లో వచ్చిన 111 జీవో జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలను ఆపింది గానీ భూమి చేతులు మారడాన్ని ఆపలేదు. ఉమ్మడి రాష్ట్రంలో మూడు వేల మంది పిల్లలను ఏళ్ళ తరబడి గమనించిన యంగ్ లైవ్స్ అధ్యయనంలో, ఎనిమిదేళ్ళ వయసులో ప్రైవేటు బడిలో ఉన్నవారు 2002లో 24 శాతమైతే 2009కి 44 శాతమయ్యారు. ఇలా వెళ్ళినవాళ్ళలో మగపిల్లల పాలే ఎక్కువ. ఒకే ఇంట్లో కొడుకు బస్సెక్కితే కూతురు నడిచి సర్కారు బడికి పోయింది. పట్టికలో చివరికి మిగిలింది ఆడపిల్లలూ, కూలి కుటుంబాలూ, వలస వచ్చినవారి పిల్లలూ.

ఇదంతా టీచర్లను వెనకేసుకురావడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. 2003లో దేశవ్యాప్తంగా చెప్పకుండా వెళ్ళి చూసిన సర్వేలో సర్కారు టీచర్లలో నలుగురికి ఒకరు బడిలో కనిపించలేదు. దానికి ఇంటి స్థితిని సాకుగా చూపలేం. 1966లో అమెరికాలో ఆరు లక్షల మందికి పైగా విద్యార్థులను పరిశీలించిన కోల్‌మన్ నివేదిక, మార్కుల్లో తేడాకు బడి కన్నా కుటుంబమే పెద్ద కారణమని తేల్చింది. అప్పటి నుంచి దాన్ని చేతులెత్తేయడానికి వాడుకున్నవారే ఎక్కువ, అది నాకు సమ్మతం కాదు. మరి తల్లిదండ్రులు ఊరికే వెళ్ళిపోతారా అన్నది రెండో ప్రశ్న. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2008లో కొందరు పిల్లలను లాటరీ తీసి, ఫీజు కట్టి ప్రైవేటు బడుల్లో చేర్చి, నాలుగేళ్ళు చూశారు. తెలుగులో, లెక్కల్లో వాళ్ళకూ లాటరీ తగలని పిల్లలకూ తేడా రాలేదు. హిందీలో మాత్రం ముందున్నారు. ప్రైవేటు బడిలో కనిపించే ఎక్కువ మార్కుల్లో పెద్ద వాటా పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్నదేనన్నమాట. కానీ ఆ బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు లోపే. ఈ ముక్క సర్కారు బడిని సమర్థించేవారికి చేదుగానే ఉంటుంది.

2022–23 నుంచి తెలంగాణ సర్కారు బడులు దశలవారీగా ఇంగ్లీషు మీడియానికి మారాయి. వెళ్ళిపోయినవాళ్ళను వెనక్కి రప్పించే ఆలోచన అందులో ఉంది. వాళ్ళు తిరిగొస్తే సగటు మార్కు దానంతటదే పెరుగుతుంది, అప్పుడు బోధన బాగుపడిందని ప్రచారం జరిగినా ఆశ్చర్యం లేదు. అసలు కొలత వేరే ఉంది. 2005 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో మరో ప్రయోగం కింద కొన్ని సర్కారు ప్రాథమిక బడుల టీచర్లకు బోనస్ ఇచ్చారు. అక్కడ చూసింది తరగతి ఎంత ఎత్తున ఉందని కాదు, ఏడాది మొదట్లో ఉన్నచోటు నుంచి పిల్లలు ఎంత పైకి వచ్చారని. ఆ లెక్కన రెండేళ్ళు తిరిగేసరికి, బోనస్ లేని బడుల కన్నా ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ, భాషలోనూ స్పష్టంగా ముందుకు వచ్చారు.