ముసలి కుక్కకు ఆపరేషన్: మన పరేల్‌లో రెండు వందల ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న



మన సంఘంలోని ఒక కుటుంబం ఈ మధ్య పెద్దల సలహా అడిగింది. వాళ్లింట్లో పన్నెండేళ్ల ఆడకుక్క ఉంది. చన్నుల దగ్గర గడ్డ వచ్చింది. కోసి తీసేయాలని డాక్టర్ చెప్పాడు. పరీక్షలు, మందులు అన్నీ కలిపితే ఇంటాయన నెల జీతం దాటుతుంది. సలహాలకేం కొదవ లేదు. "మనుషులకే దిక్కు లేదు, కుక్కకు ఆపరేషనా?" అన్నారు కొందరు. "పన్నెండేళ్లు ఇంటి ముందు కాపలా కాసినదాన్ని వదిలేస్తారా?" అన్నారు ఇంకొందరు. "ఇదంతా డబ్బున్నోళ్ల కొత్త ఫ్యాషన్" అని ఒక పెద్దాయన తేల్చేశారు.

ఆ చివరి మాట గురించే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఇది కొత్తదీ కాదు, ఫ్యాషనూ కాదు. జబ్బు చేసిన మూగజీవిని ఏం చేయాలి, దానికి ఎవరు డబ్బు పెట్టాలి అన్న ప్రశ్న మీద ఈ ఊళ్లో దాదాపు రెండు వందల ఏళ్ల నుంచి వాదన నడుస్తోంది. ఒకసారి ఆ ప్రశ్న వీధి పోరాటమే అయింది. ఆ కథలో మన హైదరాబాదుకు కూడా భాగం ఉంది. అది మనవాళ్లలో చాలామందికి తెలియదు.

1832: కుక్కల కోసం బంద్

అప్పటికి కామాటిపురా కట్టుకొని మనవాళ్లు కొందరు ఈ ఊళ్లో స్థిరపడ్డారు. నిజాం ఇలాకా నుంచి మట్టిపనికి, రాళ్లపనికి వచ్చిన కామాటీల పేరు మీదనే ఆ పేట వెలిసింది. ఊరు కంపెనీ చేతిలో ఉంది. దిక్కులేని కుక్కలను ఎండాకాలంలో చంపించే నియమం ముందునుంచీ ఉండేది. కుక్కకు ఎనిమిది అణాల చొప్పున ఇనాం. ఇనాం ఉన్నచోట ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. దిక్కులేని కుక్కా, ఇంటి కుక్కా అన్న తేడా పోయింది. ఇళ్లలో పెంచుకునే కుక్కలను కూడా లాక్కుపోతున్నారని జనం మండిపడ్డారు.

1832 జూన్ 6న పార్సీలు తిరగబడ్డారు. వాళ్ల మతంలో కుక్కకు పెద్ద స్థానం ఉంది. మనిషి పోయినప్పుడు శవాన్ని కుక్కకు చూపించే 'సగ్‌దీద్' అనే ఆచారం వాళ్లది. మరునాడు కోటలో దుకాణాలు మూతపడ్డాయి. పార్సీలతో పాటు హిందువులు, జైనులు, ముస్లింలు కూడా కలిశారు. సైన్యానికి వెళ్లే సరుకులను ఆపేశారు. చివరకు సైనికులను దింపి అణచివేశారు, కొందరిని జైలుకు పంపారు. చరిత్ర పుస్తకాల్లో దీన్ని బొంబాయి కుక్కల అల్లర్లు అంటారు.

పాంజ్రాపోల్: చంపవద్దు, సాకుదాం

అల్లర్లు చల్లారిన రెండేళ్లకు, 1834లో, సర్ జంషెడ్జీ జీజీభాయ్, అమీచంద్ షా కలిసి భులేశ్వర్ దగ్గర పాంజ్రాపోల్ పెట్టించారు. దిక్కులేని కుక్కలు, ముసలి ఆవులు, కుంటి గుర్రాలు, ఏవి వచ్చినా లోపలికే. ఖర్చు ఎలా గడిచిందన్నది గమనించాల్సిన సంగతి. ఏ ఒక్క సేఠ్ జేబులోంచో నడవలేదు. వర్తకులు తమ సరుకుల మీద తామే చిన్న మొత్తం లాగా కట్టుకున్నారు. వ్యాపారం నడిచినంత కాలం మూగజీవాల గ్రాసం నడిచింది.

పాంజ్రాపోల్ ధర్మం ఒక్కటే. ప్రాణం మనం ఇచ్చింది కాదు, మనం తీయకూడదు. దాని ఆయువు తీరేదాకా మేత, నీరు, నీడ ఇవ్వాలి. దీనికి ఒక లోటు కూడా ఉందని అప్పట్నుంచీ విమర్శకులు చెబుతూనే ఉన్నారు. నయం కాని జబ్బుతో రోజుల తరబడి మూలిగే జంతువుకు గడ్డి పెట్టినంత మాత్రాన బాధ తగ్గుతుందా అని.

పరేల్ ఆసుపత్రి: నయం చేద్దాం

దానికి జవాబుగా రెండో దారి మన పరేల్‌లోనే మొదలైంది. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1874లో బొంబాయిలో ఒక సంఘం ఏర్పడింది. ఆ తర్వాత పదేళ్లలోపే బట్టల మిల్లుల అధిపతి దిన్‌షా మానెక్‌జీ పెటిట్ ఇచ్చిన విరాళంతో పరేల్‌లో జంతువుల ఆసుపత్రి లేచింది. దానికి ఆయన భార్య సకర్‌బాయి పేరు పెట్టారు. 1886లో అక్కడే బొంబాయి వెటర్నరీ కాలేజీ మొదలైంది. ఆ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. మనలో చాలామంది రోజూ బస్సులో దాని ముందునుంచే పోతుంటారు.

మన తాతలు మగ్గం వదిలి కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి వచ్చి చేరింది ఈ మిల్లుల పేటలోనే. పరేల్, వర్లి, నాయ్‌గావ్ చాళ్లలో ఒక్క ఖోలీలో పదిమంది సర్దుకున్న రోజులవి. చాళ్లో కుక్క ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. ఒకరు రొట్టె ముక్క వేస్తే ఇంకొకరు చేప ముల్లు వేసేవారు. జబ్బు చేస్తే ఏ మెట్ల కిందో పడుకొని అదే పోయేది. డాక్టర్ దగ్గరకు తీసుకుపోయే ఆలోచన వచ్చేది కాదు, ఎందుకంటే మనుషులకే ఆ స్తోమత లేదు. 1982 సమ్మెలో మిల్లులు మూతపడ్డాక ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలగలేదో మన పెద్దలకు గుర్తే. "మనుషులకే దిక్కు లేదు" అన్న మాట ఆ అనుభవంలోంచి వచ్చింది. దాన్ని రాతిగుండె మాటగా తీసుకోవద్దు. అయితే ఆ మాట పుట్టిన రోజులు వేరు, ఇవాళ్టి రోజులు వేరు.

హైదరాబాదు కుక్కల రుణం

ఇప్పుడు మన ఊరి వైపు వద్దాం. ఆపరేషన్ అనగానే మొదట భయపెట్టేది మత్తు. "ముసలిది, మత్తు తట్టుకుంటుందా?" అని అందరూ అడుగుతారు. ఆ ప్రశ్న మీద ప్రపంచంలోనే పేరుపొందిన పరిశోధన ఒకటి జరిగింది హైదరాబాదులో.

1880లలో ఆపరేషన్లకు క్లోరోఫామ్ వాడేవారు. కొందరు రోగులు బల్ల మీదే పోయేవారు. ముందు ఊపిరి ఆగుతుందా, గుండె ఆగుతుందా అన్న దాని మీద డాక్టర్ల మధ్య పెద్ద తగాదా. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ, అక్కడి వైద్య పాఠశాలకు కూడా అధిపతి. ఊపిరి మీద కన్నేసి ఉంచితే చాలన్నది ఆయన వాదం. నిరూపించడానికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ డబ్బు ఇచ్చాడు. 1888లో ఒక కమిషన్, 1889లో రెండోది. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టర్ వచ్చాడు. ఆ బృందంలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి కూడా పనిచేసింది. తర్వాత ఆమె హైదరాబాదులో ఏళ్ల తరబడి మత్తు డాక్టర్‌గా పేరు తెచ్చుకుంది.

ఆ ప్రయోగాలు దేని మీద చేశారు? ఎక్కువగా కుక్కల మీద, అవీ వందల లెక్కన. ఎంత మత్తు ఇస్తే ఏది ఆగుతుందో ప్రాణాలు పోయేదాకా చూసి రాసుకున్నారు. ఊపిరే ముందు ఆగుతుందని కమిషన్ తేల్చింది. అది సగం నిజమేనని తర్వాత తెలిసింది. క్లోరోఫామ్ కొన్నిసార్లు నేరుగా గుండె లయనే చెడగొడుతుందని 1911లో లెవీ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఇవాళ ఆపరేషన్ బల్ల మీద ఊపిరినీ గుండెనూ రెండింటినీ కనిపెట్టి ఉంటారంటే దాని వెనక ఇంత తగాదా ఉంది.

బొంబాయిలో కుక్కల ప్రాణం కోసం జనం దుకాణాలు మూశారు. హైదరాబాదులో మనుషుల ప్రాణం కోసం వందల కుక్కలు పోయాయి. మనలో ఆపరేషన్ బల్ల ఎక్కి దిగిన ప్రతివాళ్లూ ఆ కుక్కలకు ఎంతో కొంత బాకీనే. కుక్కకు ఆపరేషన్ అంటే నవ్వేముందు ఈ సంగతి ఒకసారి తలచుకుందాం.

సబర్మతి దూడ

మూడో దారి అందరికన్నా కష్టమైనది. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ తీరని జబ్బుతో తీసుకుంటోంది. వైద్యం పనిచేయదని తేలింది. గాంధీజీ ఆశ్రమంలోని వాళ్లతో చర్చించారు. ఒకరు గట్టిగా కాదన్నారు. చివరకు డాక్టర్‌ను పిలిపించి సూదిమందుతో దాని బాధ ముగించారు. అహింసను వ్రతంగా పెట్టుకున్న మనిషి ఇలా చేశాడేమిటని దేశమంతా ఉత్తరాలు గుప్పించింది. ఆయన దాచలేదు, తన పత్రికలోనే రాసి జవాబు చెప్పారు. తన సుఖం కోసం చంపడం హింస అనీ, దాని బాధ చూసి వేరే మార్గం లేనప్పుడు ముగించడం వేరనీ ఆయన వాదన సారాంశం. ఒప్పుకోని వాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. జేజురి ఖండోబాకు, మన కొమురవెల్లి మల్లన్నకు ఒకే తీరున మొక్కే ఇళ్లు మనవి. స్వామి వెంట కుక్క ఉంటుందని నమ్మేవాళ్లకు ఆ సూది వేయించడం ఎంత బరువో నేను అర్థం చేసుకోగలను.

చట్టం కూడా ఈ మూడు దారులనూ తన లోపల ఇముడ్చుకుంది. రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో పట్టుబట్టిన ఫలితంగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. జంతువును సాకేవాడు దానికి అనవసరమైన బాధ కలగకుండా చూడాలంటుంది ఆ చట్టం. తగిన కారణం లేకుండా వదిలేయడం నేరమంటుంది. కాబట్టి ముసలి కుక్కను రాత్రిపూట తీసుకెళ్లి పక్క గల్లీలో దింపి రావడం అనే నాలుగో దారి ధర్మంలోనూ లేదు, చట్టంలోనూ లేదు.

మరి ఏం చేయాలి?

ఈ చరిత్రంతా చూశాక నాకు అర్థమైంది ఇది. డబ్బు ఎంత అన్నది రెండో ప్రశ్న. ఈ ఆపరేషన్ వల్ల ఆ కుక్కకు ఏం దక్కుతుంది అన్నది మొదటి ప్రశ్న. అందుకే డాక్టర్‌ను ఇవి అడగండి.

ఒకటి, జబ్బు ఏమిటి? గర్భసంచిలో చీము పట్టిందనుకోండి, అది ముసలి ఆడకుక్కల్లో తరచుగా వచ్చేదే. తీసేస్తే చాలావరకు కోలుకుంటాయి, తీయకపోతే ప్రాణం మీదకు వస్తుంది. అక్కడ ఆలస్యం వద్దు. చన్నుల గడ్డల్లో సుమారు సగం క్యాన్సర్ కానివే. క్యాన్సరే అయినా చిన్నగా ఉన్నప్పుడు తీస్తే మేలు. ప్లీహంలో రక్తనాళాల క్యాన్సర్ అయితే ఆపరేషన్ చేసినా సాధారణంగా కొద్ది నెలలే.

రెండు, ఇంకెక్కడికైనా పాకిందా? కోయకముందే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఊపిరితిత్తుల్లో కనబడితే గడ్డ ఒక్కటీ తీసి లాభం తక్కువ.

మూడు, మత్తుకు తట్టుకుంటుందా? వయసు ఒక్కటే జబ్బు కాదు. మూత్రపిండాలు, కాలేయం, గుండె ఎలా ఉన్నాయో పరీక్షల్లో తెలుస్తుంది. పన్నెండేళ్ల గట్టి కుక్క ఎనిమిదేళ్ల రోగిష్టి కుక్క కన్నా బాగా తట్టుకోవచ్చు.

నాలుగు, ఆ తర్వాత దాని రోజులు ఎలా ఉంటాయి? ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికన్ పశువైద్యురాలు 2004లో ఒక కొలత చెప్పింది. నొప్పి, ఆకలి, దాహం, శుభ్రత, హుషారు, నడక, చివరగా చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువా తక్కువా. క్యాలెండర్ మీద రోజూ గుర్తు పెట్టుకుంటే మన మనసు చెప్పే అబద్ధాలు మనకే కనబడతాయి.

వీటికి జవాబులు వచ్చాకే డబ్బు లెక్క. పిల్లల ఫీజు ఆగుతుందంటే, వడ్డీకి అప్పు చేయాలంటే, ఆపరేషన్ వద్దనుకోవడం పాపం కాదు. నొప్పి మందులతో, మెత్తటి పక్కతో, ఇంటి మనుషుల మధ్య చివరి రోజులు గడపనివ్వడం పాంజ్రాపోల్ దారి. అదీ మర్యాదైన దారే. డబ్బు ఉండి, దక్కేది ఉండి చేయిస్తే అది సకర్‌బాయి ఆసుపత్రి దారి. ఏదీ మిగలనప్పుడు సూది వేయించి, తల ఒళ్లో పెట్టుకొని కూర్చోవడం సబర్మతి దారి.

టాటా ఆసుపత్రికి క్యాన్సర్ వైద్యం కోసం మన జిల్లాల నుంచి వచ్చే చుట్టాలకు మన ఇళ్లలో చోటు ఇస్తుంటాం. ఇంకో కోర్సు చేయిద్దామా, ఊరికి తీసుకుపోదామా అన్న మాట ఎన్ని రాత్రులు విన్నాం! ఏ నిర్ణయం తీసుకున్నా వాళ్లను మనం తప్పుపట్టం. బీరువాలోంచి తువ్వాలు తీసి ఇస్తాం, అన్నం వడ్డిస్తాం, స్టేషన్ దాకా తోడు వెళ్తాం. కుక్క విషయంలో కూడా ఆ పాటి మర్యాద మనవాళ్ల నుంచి మనవాళ్లకు దక్కాలి. సలహా అడిగిన కుటుంబాన్ని నవ్వులపాలు చేయవద్దు. పరీక్షలకు తోడు వెళ్లగలిగిన వాళ్లు వెళ్లండి. ఆటోలో కుక్కను ఎక్కించుకోవడానికి ఒప్పించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

జై తెలుగు తల్లి. వచ్చే ఆదివారం కలుద్దాం.