గనిలోని గాలి

గనులనుండి లోకమునకుఁ గలిగిన లాభమును లెక్కించువారు, దిగినవారి యూపిరిని లెక్కింపరు. ఇందులకు న్యూఫౌండ్లాండు దీవియందలి సెయింటు లారెన్సు గ్రామచరిత్రమే సాక్ష్యము.

అచ్చటి గ్రానైటు శిల సుమారు 37 కోట్ల యేండ్లనాటిది. అది చల్లారునపుడు పడిన బీటలలో వేడినీరు ప్రవహించి, ఫ్లోరిను, కాల్షియములు కూడిన ఫ్లోర్‌స్పారును సిరలుగా నిలిపినది. ఉక్కు పరిశ్రమకును, అల్యూమినియము తీయుటకును ఈ ఖనిజము కావలయును.

1929 నవంబరు 18వ తేదిని సముద్రగర్భమున భూకంపము పుట్టి, ఉప్పెన తీరమును ముంచెను. పడవలు పోయెను, చేపలవేట చెడెను. ఆఁకలిగొన్న పల్లెకారులు 1933 మొదలుగా గనిపనిఁ జేపట్టిరి. తొలినాళ్ళలో ఱాతిని పొడిగానే తొలిచినందున దుమ్ము వారి ఊపిరితిత్తులఁ జేరెను. అంతకు మించిన శత్రువు వేఱొకటి కలదు. గనిలో నూరు నీటితోఁగూడ రేడాను వాయువు వెలువడుచుండెను. దానికి రంగు లేదు, వాసన లేదు. దానిని కొలిచి తెలిసికొనునప్పటికి 1960 వచ్చినది! గాలి యాడుటకు యంత్రములు పెట్టిరి. కాని అప్పటికే పెక్కిండ్ల దీపము లాఱినవి. 2001 నాటికి ఊపిరితిత్తుల పుట్టకుఱుపుచే మడిసిన గనిపనివారు 200కు పైఁబడిరి.

1978లో ఆ భూగర్భపు గనులు మూఁతపడినవి. వాని పాఠము మాత్రము మూఁతపడరాదు. మనుష్యుని దింపుటకు ముందు గాలిని కొలుచు పనిముట్టును దింపవలెను. అది దయ కాదు, ధర్మమని మేము చెప్పుదుము.