కార్పల్ టన్నెల్ శస్త్రచికిత్సకు తోడుగా ప్లేట్‌లెట్ ప్లాస్మా

మణికట్టు ఎముకలకూ, వాటి మీద అడ్డంగా బిగిసి ఉండే లిగమెంట్‌కూ నడుమ ఉన్న ఇరుకు దారి కార్పల్ టన్నెల్. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, మీడియన్ నరం అందులోంచే అరచేతికి చేరతాయి. అక్కడ నరం నలిగితే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. రాత్రిళ్లు బాధ ఎక్కువ. ముదిరితే బొటనవేలి మొదట్లోని కండ కరిగిపోయి, తెగిన దారం ముడివేయడమూ కష్టమవుతుంది.

మణికట్టును పదేపదే వంచే పనులు, అదిరే యంత్రాలు పట్టే పనులు ఈ జబ్బు ముప్పును పెంచుతాయి. కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మగ్గాలు, ప్రొద్దుటూరు బంగారు పని, ఎర్రగుంట్ల వైపు కడప బండల కోత, పులివెందుల ప్రాంతపు ముగ్గురాయి గనులు అలాంటి శ్రమ మీదే నడుస్తాయి. అయితే మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భం కూడా కారణాలే కాబట్టి నెపమంతా పనిమీదికి నెట్టడం సరికాదు.

మణికట్టు విరిగాక మీడియన్ నరం నలిగిన సంగతిని 1854లో జేమ్స్ పేజెట్ రాశాడు. 1913లో పారిస్‌లో పియరీ మారీ, చార్లెస్ ఫ్వా శవపరీక్షలో లిగమెంట్‌కు పైభాగాన ఉబ్బిన నరాన్ని చూసి, లిగమెంట్‌ను ముందే కోస్తే మేలని సూచించారు. ఆ కోతను జేమ్స్ లియర్‌మంత్ 1933లో వివరించాడు. దాన్ని వాడుకలోకి తెచ్చిన ఘనత 1950 తర్వాత జార్జ్ ఫేలెన్‌ది.

కోత ఒత్తిడిని తీస్తుంది. లోపల తెగిన నరపు పోగులు మాత్రం తమంతట తామే, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరగాలి. తీవ్ర దశలో అసలు చిక్కు ఇదే. నరానికి ప్లేట్‌లెట్ ప్లాస్మా ఇచ్చే ఆలోచన ఈ చిక్కు నుంచే పుట్టింది. రోగి రక్తాన్నే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కబడిన ద్రవాన్ని వేరుచేసి నరం చుట్టూ ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లు విడుదల చేసే వృద్ధి కారకాలు నరం కోలుకోవడానికి ఊతమిస్తాయన్నది ఆశ. 1998లో రాబర్ట్ మార్క్స్ దవడ ఎముక అతుకుల్లో దీన్ని వాడాక ఈ పద్ధతి ఇతర విభాగాలకు పాకింది.

2017లో తైవాన్‌లో 60 మందిపై జరిగిన పరీక్షలో ప్లాస్మా ఇంజెక్షన్ రాత్రిపూట మణికట్టుకు కట్టే పట్టీకంటే మెరుగ్గా పనిచేసింది. కానీ వారివి తేలికపాటి, మధ్యస్థ కేసులు, శస్త్రచికిత్స జరగలేదు. స్పెయిన్‌లో కోతతో పాటు ప్లాస్మా ఇచ్చి చేసిన, 2020లో ప్రచురితమైన పరీక్షలో, ఆరు వారాలకు ప్లాస్మా వల్ల పిడికిలి బలంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. నరం తిరిగి పెరగడానికి నెలలు పడుతుంది గనుక ఆరు వారాల గడువు చాలా తక్కువే. ప్లేట్‌లెట్ల సాంద్రత, మోతాదు ఒక్కో చోట ఒక్కోలా ఉండటంతో ఫలితాలను పోల్చడమూ కష్టం. అందువల్ల ముదిరిన కేసుల్లో లిగమెంట్ కోతే ప్రధాన చికిత్స. ప్లాస్మా ఇంకా పరిశోధన దశలోని తోడు మాత్రమే.