వైకల్యం – ఉద్యోగ తొలగింపు: నిరూపణ భారం చేతులు మారిన క్రమం

ఉద్యోగంలో ఉండగా వైకల్యానికి గురైన వ్యక్తిని తొలగించినప్పుడు న్యాయస్థానంలో ఎవరు, ఏమి నిరూపించాలి? భారతదేశంలో వైకల్య హక్కుల చరిత్రకు ఈ ప్రశ్న కీలకం. తొలగింపు ఉత్తర్వులో ‘వివక్ష’ అనే మాట కనిపించదు. ‘వైద్యపరంగా అనర్హుడు’ అనే మాటే ఉంటుంది. యాజమాన్యపు దురుద్దేశాన్ని ఉద్యోగే నిరూపించవలసి వస్తే న్యాయం అందడం దుర్లభం.

1995 నాటి వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7న అమలులోకి వచ్చింది. అందులోని 47వ సెక్షన్ ఉద్దేశంతో నిమిత్తం లేకుండా, సర్వీసులో వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించడాన్నీ, హోదా తగ్గించడాన్నీ నిషేధించింది. పాత పనికి తగకపోతే అదే వేతనంతో మరో పోస్టు ఇవ్వాలి. అదీ వీలుకాకపోతే తగిన పోస్టు లభించే వరకు, లేదా పదవీ విరమణ వయసు వరకు అదనపు పోస్టులో కొనసాగించాలి. ఎడమకాలు కోల్పోయిన కానిస్టేబుల్‌కు సంబంధించిన కునాల్ సింగ్ కేసులో (2003), అశక్తతా పింఛను మంజూరైనంత మాత్రాన ఈ రక్షణ తొలగిపోదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అయితే తొలగింపు క్రమశిక్షణ రూపంలో వస్తే కారణ సంబంధం చూపడం కష్టమవుతుంది. కేంద్ర రిజర్వు పోలీసు దళ అధికారి కేసులో (2021), ఆరోపిత ప్రవర్తనకు మానసిక వైకల్యమే ఏకైక కారణం కానక్కరలేదనీ, కారణాలలో ఒకటైతే చాలుననీ సుప్రీంకోర్టు నిర్ణయించింది.

మరొక చిక్కు నిర్వచనానిది. 1995 చట్టం ఏడు వైకల్యాలనే గుర్తించింది. వర్ణాంధత్వం వాటిలో లేదు. ఆ లోపం కారణంగా 2016లో ఉద్యోగం కోల్పోయిన తెలుగు నేలపై ఆర్టీసీ డ్రైవరుకు 2025లో సుప్రీంకోర్టులో ఊరట లభించింది. కార్మికులతో 1979లో కుదిరిన ఒప్పందం అందుకు ఆధారమైంది. ప్రత్యామ్నాయ ఉద్యోగం లేదని చూపవలసిన బాధ్యత సంస్థదేనని న్యాయస్థానం స్పష్టం చేసింది.

2016 చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. కాని తొలగింపును నిషేధించే 20(4) సెక్షన్ ప్రభుత్వ సంస్థలకే పరిమితం. కనుక నిరూపణ భారం చేతులు మారిన ఈ చరిత్ర ప్రైవేటు ఉద్యోగి విషయంలో ఇంకా అసంపూర్ణమే.